ఆరని రెక్క మీద గీత

బహ్రెయిన్‌లో పురుగుల నివారణ కంపెనీల్లో కొత్తగా పనిలో చేరుతున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జువాలజీ డిగ్రీ చేత పట్టుకుని, ల్యాబులో ఉద్యోగమని విని వస్తారు. నేనూ కాకినాడ నుంచి అలాగే వచ్చాను. నాకిప్పుడు యాభై మూడేళ్ళు. కళ్ళు చెడి, భూతద్దం కింద ఈగ రెక్క అంచు రెండుగా కనబడుతుంటే, రెండు నెలల కిందట పని మానేశాను. సనాబిస్‌లో నా గది ఖాళీ చేసేలోగా దీన్ని పూర్తి చేయాలి.

ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు మెచ్చుకున్నారు అన్నవి ఇందులో ఉండవు. నేను ఒక ఈగకు తప్పు పేరు పెట్టాను. ఆ పేరు వల్ల తొమ్మిది జామచెట్లు పోయాయి, వాటిని పెంచిన మనిషికి ఉద్యోగం పోయింది. పేరు తప్పని నాకు నాలుగు రోజుల్లో తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను. కంపెనీలో ఈ సంగతి ఇప్పటికీ మరోలా చెప్పుకుంటారు. నా గొప్పగా చెప్పుకుంటారు. ఉన్నది ఉన్నట్టుగా ఒక్కచోటైనా ఉండాలి.

అసలు పని

నెలలో ఎక్కువ రోజులు మీరు చేసేది ల్యాబు పని కాదు. సీఫ్‌లో మాల్ వంటగదుల వెనక బొద్దింకలు, కూలీల క్యాంపుల్లో నల్లులు, గోదాముల్లో ఎలుకలు. వీపున మందు డబ్బా, ముక్కుకు గుడ్డ, చెమటకు జారిపోయే కళ్ళజోడు. మిగిలిన కొద్ది రోజుల్లో ఎవరో ఒకరు చిన్న సీసాలో ఒక పురుగును తెచ్చి బల్ల మీద పెట్టి, ఇదేమిటి అంటారు. మీ డిగ్రీ అంతా ఆ ఒక్క ప్రశ్నకే. ఒకేలా కనిపించే రెండు పురుగుల్లో ఒకటి ఎప్పటినుంచో ఇక్కడ ఉన్నదై ఉంటుంది, రెండోది ఇక్కడ ఉండకూడనిదై ఉంటుంది. తేడా చాలాసార్లు రెక్క మీద ఉంటుంది. చీపురుపుల్ల మొనంత చుక్క, లేదా వెంట్రుకంత గీత.

ఆ చుక్కలూ గీతలూ చూడటం నాకు నేర్పినవాడు ఈజిప్టు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మేమందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. నేను చేరిన మూడో ఏడు ఆయన వెళ్ళిపోయాడు. వచ్చీరాని హిందీలో ఆయన చెప్పిన మాట ఒకటి కాగితం మీద రాసి నా బల్ల ఎదురుగా గోడకు అంటించుకున్నాను: "పుట్టగానే ఈగను పేరు అడగకు. నాలుగు రోజులు చక్కెర పెట్టు, నీళ్ళు పెట్టు. అప్పుడు అదే చెబుతుంది."

చేతికి అంటిన రంగు

ముందు ఒక చిన్న సంగతి చెబుతాను, ఎందుకంటే మా సూపర్‌వైజర్ ఖాజా భాయ్ చెడ్డవాడనుకుని మీరు మిగతాది చదవకూడదు. ఆయనది కరీంనగర్ వైపు. డ్రైవరుగా వచ్చి, మందు కొట్టడం నేర్చుకుని, మా అందరికీ పెద్ద అయ్యాడు. పురుగుల పేర్లు తెలియవు కానీ మనుషులు తెలుసు.

సీఫ్‌లో ఖర్జూరాలు, బాదంపప్పులు అమ్మే ఒక దుకాణంలో చిమ్మటలు ఎగురుతున్నాయని ఫోనొచ్చింది. ఆ సరుకులో రెండు రకాలు పడతాయి. ఒకదాని రెక్క సగం బూడిదరంగు, సగం రాగిరంగు. రెండోది మొత్తం బూడిదే. ఖాజా భాయ్ గుప్పిట మూసుకుని ల్యాబులోకి వచ్చాడు.

"పట్టిన భాయ్! సొంత చేతుల్తోని పట్టిన!"

గుప్పిట తెరిస్తే గాజు పొరలాంటి రెక్కలతో ఒక బోసి పురుగు.

"రంగంతా నీ అరచేతికే ఉంది ఖాజా భాయ్. ఇప్పుడు నీ చెయ్యి చూసి పేరు చెప్పాలి."

"అయితే గీతలు గూడ చూడు. ఈ గల్ఫుల ఇంకెన్నేండ్లు రాసున్నదో చెప్పు," అని చెయ్యి అలాగే చాపి పట్టుకున్నాడు.

ఆ రోజు చాలాసేపు నవ్వుకున్నాం. చిమ్మట రంగు పైన చల్లిన పొడి లాంటిది, ముట్టుకుంటే పోతుంది. పండు ఈగకు అలా కాదు, రంగు రెక్క పొరలోనే ఉంటుంది, వేలితో రుద్దినా పోదు. అందుకని ఈగ రెక్కను గుడ్డిగా నమ్మవచ్చని నేను అనుకునేవాణ్ణి. రంగు పోవడం గురించే జాగ్రత్తపడ్డాను. లేని రంగు కూడా కనబడుతుందని అప్పటికి తెలియదు.

గలాలీ తోట

గలాలీలో ఒక పెద్ద ఇంటి వెనక తోట ఉండేది. ఇంటి యజమాని వయసు మళ్ళిన మనిషి, ఇంట్లో పనివాళ్ళందరూ బాబా అని పిలిచేవారు. తోటమాలి సత్తిబాబు. అమలాపురం దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాడు. ఉప్పు నేలలో గొయ్యి తవ్వించి, బయటి నుంచి మట్టి తెప్పించి, తనే అంట్లు కట్టి తొమ్మిది జామచెట్లు పెంచాడు. ఎనిమిది కాపుకొచ్చి చాలాకాలమైంది. గోడ మూలన తొమ్మిదోది ఆ ఏడే మొదటిసారి కాసింది. నాకు కళ్ళజోడు ఉంది కాబట్టి నన్ను మేష్టారూ అనేవాడు.

ఆ వేసవిలో సత్తిబాబు సెలవు మీద ఊరెళ్ళి వచ్చాడు. బట్టల మధ్య కాగితాల్లో చుట్టి మామిడిపళ్ళు తెచ్చాడు. మనవాళ్ళలో ఊరెళ్ళి వచ్చే ప్రతివాడూ తెస్తాడు, తేకపోతే మొహం చూపించలేడు. పని మీద ఆ తోటకు వెళ్ళినప్పుడు నాకు నాలుగు ఇచ్చాడు.

"రసాలండి. మా పెరట్లోయి. గట్టిగా నొక్కకండి, బాధపడతాయి," అన్నాడు.

సనాబిస్‌లో గదికి తెచ్చుకుని, సింకు మీద వంగి, మోచేతుల దాకా కారుతుంటే నాలుగూ ఒకే పూట తిన్నాను.

నెల తిరిగేసరికి సత్తిబాబు ఫోను చేశాడు. జామకాయలు పండకుండానే రాలుతున్నాయి, కోస్తే లోపల పురుగులు. వెళ్ళి చూశాను. పండు ఈగ పని అని కాయ మీద గుచ్చిన గుర్తులు చూస్తేనే తెలిసింది. ఏ రకం ఈగ అన్నది పురుగును చూసి చెప్పడం నా వల్ల కాదు. అది ఇసుకలోకి దిగి గోధుమగింజలా గట్టిపడి, అందులోంచి ఈగ బయటికొస్తేనే చెప్పగలను. రాలిన కాయలు రెండు డబ్బాల ఇసుక మీద పెట్టి ల్యాబుకు తెచ్చాను.

తెలుసుకోవాల్సిన తేడా ఇది. ఇక్కడ మామూలుగా ఉండే పీచ్ ఈగకు రెక్క ముందంచు దాదాపు ఖాళీగా ఉంటుంది, కొసన మాత్రం ఒక గోధుమరంగు చుక్క. మన వైపు మామిడితోటల్లో ఉండే ఇంకో ఈగకు ముందంచు పొడవునా కొస దాకా తెగని సన్నని గీత ఉంటుంది. ఒంటి రంగు కూడా వేరు. మొదటిది ఎరుపు కలిసిన గోధుమరంగు, రెండోదానికి వీపు నల్లగా ఉంటుంది. ఈ రెండోది ఇక్కడ కాలు పెట్టకూడదని నర్సరీలవాళ్ళందరికీ భయం.

గంటలో చెప్పిన పేరు

ఆదివారం పొద్దున ల్యాబు తలుపు తీసేసరికి డబ్బాలో మూడు ఈగలు గోడ పట్టుకుని ఉన్నాయి. అప్పుడే పుట్టినవి. ఒళ్ళు లేతగా, పాలిపోయి ఉంది. రెక్కలు ఇంకా తడిగా, సరిగా విప్పుకోలేదు. నేను సీసాలో చక్కెర నీళ్ళు కలుపుతుండగా ఖాజా భాయ్ వచ్చాడు.

"పుట్టినయా? మరి చెప్పరాదు, గదేం ఈగ?"

"నాలుగు రోజులు ఆగాలి భాయ్. రంగు రావాలి."

"నాలుగు రోజులా? దానికి పేరు పెట్టనీకి ముహూర్తం చూస్తున్నవా? బాబా మన మేనేజర్ సాబ్‌కు దోస్తు. పొద్దుగాలటి సంది మూడుసార్లు ఫోన్ కొట్టిండు. యల్లా భాయ్, జల్ది కానియ్."

గోడ మీద కాగితం నా ఎదురుగానే ఉంది. మూడు ఈగల్నీ చంపి స్పిరిటులో వేశాను. ఒంటికి రంగు రాలేదు కనుక రెక్క ఒక్కటే చూశాను. భూతద్దం కింద ముందంచు పొడవునా, కొస దాకా, తెగని ముదురు గీత. రెండో ఈగకూ అలాగే. మూడోదానికి ఒక్క రెక్కకే ఉంది. రెండో రెక్క నలిగిందని సరిపెట్టుకున్నాను.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు. సంతోషం. అది దాచి రాస్తే ఈ రాతకు అర్థం లేదు. ఇన్నేళ్ళు బొద్దింకలకు మందు కొట్టాను. ఎవరూ చూడనిది నేను మొదట చూశాను.

"ఇది మన వైపు ఈగ భాయ్. మామిడి ఈగ. ఇక్కడ ఉండకూడనిది," అన్నాను.

"మనది గిక్కడికెట్ల వచ్చింది? రెక్కలున్నయని ఎగిరొచ్చిందా?"

ఇక్కడ నేను ఆగవచ్చు. తెలియదు అనవచ్చు. కానీ నేను పెట్టిన పేరుకు ఒక సాక్ష్యం కావాలి, అది నా దగ్గర ఉంది.

"సత్తిబాబు ఊరినుంచి మామిడిపళ్ళు తెచ్చాడు," అన్నాను.

ఖాజా భాయ్ నన్ను ఒక్క క్షణం అదోలా చూశాడు. "నీకెట్ల ఎరుక?"

"తెచ్చాడని తెలుసు," అన్నాను. అందులో నాలుగు నా కడుపులోకి వెళ్ళాయని చెప్పలేదు.

మధ్యాహ్నానికి రిపోర్టు వెళ్ళింది: మామిడి ఈగ, తోటమాలి తెచ్చిన పళ్ళతో వచ్చింది, చెట్లు కొట్టేసి కాల్చాలి. మర్నాడు చెట్లు కొట్టేయమని బాబా చెప్పాడు. కూలీలను పిలవలేదు, తెచ్చినవాడే కొట్టాలన్నాడు. రిపోర్టులో అలా రాసింది నేనే కాబట్టి నన్ను కూడా అక్కడ నిలబెట్టారు. సత్తిబాబు పొద్దుటినుంచి ఒక్కొక్కటీ నరికాడు. మూలనున్న చెట్టును చివరికి వదిలి, దాని దగ్గరకొచ్చాక గొడ్డలి కింద పెట్టి, చొక్కాతో మొహం తుడుచుకుని, మళ్ళీ తీసుకున్నాడు. కొమ్మలన్నీ పోగుపెట్టి తగలబెట్టారు. పచ్చివి కావడంతో పొగ చాలాసేపు వచ్చింది. సాయంత్రం వీసా రద్దన్నారు. శనివారానికి టికెట్టు.

కిటికీ దగ్గరి డబ్బా

రెండో డబ్బాను నేను పారేయలేదు. సోమవారం అందులోంచి ఇంకా ఈగలు వచ్చాయి. రిపోర్టు అయిపోయింది, తొందర లేదు, అందుకని అలవాటు ప్రకారం చక్కెర పలుకులు, తడి దూది పెట్టి కిటికీ దగ్గర ఉంచాను. తొందర లేనప్పుడు అందరమూ పద్ధతి ప్రకారమే చేస్తాం.

గురువారం పొద్దున చూశాను. భూతద్దం అక్కర్లేకపోయింది. ఒళ్ళు ఎర్రగోధుమరంగు. రెక్క ముందంచు ఖాళీ. కొసన చుక్క. డబ్బాలో ఉన్నవన్నీ అవే. ఇక్కడి సంతల్లో, పెరళ్ళలో, ఎక్కడ వల పెట్టినా పడే పీచ్ ఈగలు.

ఆదివారం చంపిన మూడింటినీ మళ్ళీ బయటికి తీశాను. ఒకదాన్ని నీటిచుక్కలో పెట్టి, సూది మొనతో రెక్క అంచును మెల్లగా కదిపాను. గీత విచ్చుకుంది. అది రంగు కాదు, మడత. సరిగా విప్పుకోకముందే చంపాను కాబట్టి అంచు కిందికి ముడుచుకుని ఉంది. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పడి ముదురుగా కనిపించింది. సూది తగలగానే అంచు తెరుచుకుని గాజులా తేటగా అయిపోయింది. కొసన అప్పుడే మొదలవుతున్న చుక్క, చాలా పలచగా.

ఖాజా భాయ్ దగ్గరకు వెళ్ళి చెప్పాను. ఆయన మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"గిప్పుడు చెప్తవా? చెట్లు కాలి బూడిదైనయ్."

"సత్తిబాబు శనివారం దాకా ఉంటాడు భాయ్. బాబాకు చెబితే..."

"ఏమని చెప్తవు? నీ చెట్లు ఉత్తగనే కొట్టిపిచ్చిన అని చెప్తవా? నీ వీసా పోతది, నా వీసా పోతది, వాన్ది మాత్రం వాపస్ రాదు. రిపోర్ట్ పోయింది. ఖలాస్." గ్లాసు మళ్ళీ తీసుకుని, నా వైపు చూడకుండా అన్నాడు: "ఆ పండ్ల ముచ్చట నేను అడగలే భాయ్. నువ్వే చెప్పినవ్."

అది నిజం. అందుకే తప్పును ఆయన మీదికి తోయను. ఆయన తొందరపెట్టాడు, తొందరపెట్టడం ఆయన పని. ఆగడం నా పని. ఆయన వద్దన్నా నేను నేరుగా గలాలీ వెళ్ళి ఉండవచ్చు. సనాబిస్ నుంచి ఎంత దూరం? టాక్సీ ఎక్కితే చాయ్ చల్లారేలోగా చేరతాను. వెళ్ళలేదు.

సత్తిబాబు అడిగినది

శుక్రవారం సెలవు. సత్తిబాబే నా గదికి వచ్చాడు, వెళ్ళొస్తానని చెప్పడానికి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేష్టారూ, ఒక్క మాట అడుగుతానండి. కోపం తెచ్చుకోకండి. ఆ ఈగ నిజంగా నా మామిడికాయల్లోంచే వచ్చిందంటారా?"

నేను కుర్చీని మళ్ళీ అతని వైపు జరిపాను.

"ఆయ్, ఒక్కోటీ నేనే కోసానండి. తిప్పి తిప్పి చూసి, కాయితంలో సుట్టాను. మచ్చున్న కాయ ఒక్కటి ఎట్టలేదు. మీరూ తిన్నారు కదండీ? మీ నాలుగింట్లో ఏవన్నా పురుగుందేటండి?"

జవాబు ఒక్క మాట. లేదు. ఆ మాటకు నా ఉద్యోగం వెల.

"గుడ్లు కంటికి కనబడవు సత్తిబాబూ. చెప్పలేం," అన్నాను.

అతను తలూపాడు. నమ్మాడు. నేను చదువుకున్నవాణ్ణి.

"అయితే నావల్లేనన్నమాట. బాబా నన్ను కొడుకులా సూసేవోరండి. పాపం, పెద్దాయన, ఆ సెట్ల కింద కుర్సీ ఏసుకుని కూసునేవోరు." కళ్ళు తుడుచుకోలేదు, గుమ్మం వైపు తిరిగాడు. "మీరు మాత్రం సూసి పట్టుకోబట్టి సరిపోయింది మేష్టారూ. లేపోతే ఈ దేశం అంతా అంటించేసేవోణ్ణి."

నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

పెట్టెలో మూడో వరస

కొత్తగా వచ్చేవాళ్ళు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ల్యాబులో ఒక చెక్కపెట్టె ఉంటుంది. అందులో మూడో వరసలో, ఎడమవైపు చివర, రెండు ఈగలు సూదికి గుచ్చి ఉన్నాయి. కింద మామిడి ఈగ అని నా చేతిరాత. సూదితో నేను విప్పినది కాక మిగిలిన రెండూ అవి. రిపోర్టుకు సాక్ష్యంగా పెట్టమన్నారు, పెట్టాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళు తమ ఈగలను వాటి పక్కన పెట్టి పోల్చుకున్నారు. ఎన్ని తోటల్లో ఎన్ని పేర్లు అలా తప్పాయో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. మానేసే ముందు చీటీ మారుస్తానంటే, పాత రిపోర్టును ఇప్పుడు ఎవరు కదుపుతారన్నారు. అందుకని మీకు చెబుతున్నాను: ఆ రెండింటినీ నమ్మకండి. అవి ఆరకముందే చచ్చిన పీచ్ ఈగలు.

ఇంకేం చెప్పను? రెక్క ఒక్కటే చూసి పేరు పెట్టకండి, ఒంటి రంగు వచ్చేదాకా ఆగండి, అంచును సూదితో ఒకసారి కదిపి చూడండి. ఇవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. నా గోడ మీద కూడా ఉన్నాయి. తెలియక చేసిన తప్పు కాదు కాబట్టి, తెలియజెబితే ఆగిపోతుందన్న నమ్మకం నాకు లేదు. ఇన్నేళ్ళ పనిలో ఈ దీవిలో ఒక్క ఈగ కూడా తగ్గలేదు. నేను తగ్గించింది జామచెట్లను.

ఫోను

పోయిన వారం సత్తిబాబుకు ఫోను చేశాను. ఆరేళ్ళ తర్వాత. నంబరు ఖాజా భాయ్ ఇచ్చాడు. ఎందుకని అడగలేదు.

గొంతు గుర్తుపట్టి మురిసిపోయాడు. ఇప్పుడు వేరేవాళ్ళ కొబ్బరితోటలో కూలికి వెళ్తున్నాడు. వాళ్ళ పల్లె నుంచి గల్ఫుకు వెళ్ళే ప్రతివాడి ఇంటికీ వెళ్ళి, సంచిలో మామిడికాయలు పెట్టుకోవద్దని చెబుతుంటాడట. "నా కత సెప్తానండి. నాలాంటి పాపం ఇంకోడు సేయకూడదని."

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. చక్కెర, నాలుగు రోజులు, మడత, సూది, గురువారం, శుక్రవారం. మధ్యలో అతను ఒక్కసారి కూడా ఆయ్ అనలేదు. వెనకాల ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది.

తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"అయితే సెట్లు నరకక్కర్లేదాండీ?" అన్నాడు చివరికి.

"అక్కర్లేదు."

"కాయలేరి పారేసి, మందు కొడితే సరిపోయేదా?"

"సరిపోయేది."

ఫోను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్న చప్పుడు వినిపించింది.

"మూలనున్నది కూడానా అండీ?"

"అది కూడా," అన్నాను.